2015 వడగాడ్పులు: శాస్త్రవేత్తలు ఎక్కడ తేడాపడ్డారు, ఎక్కడ పడలేదు

వాతావరణ మార్పు గురించి విద్యార్థులతో మాట్లాడినప్పుడల్లా మాకు ఒక ప్రశ్న ఎదురవుతుంది. "శాస్త్రవేత్తలకే దీని మీద ఒక మాట లేదు కదా, మనమెందుకు నమ్మాలి?" అడిగేవాళ్లు బొగ్గు కంపెనీల మనుషులు కారు. చాలాసార్లు వాళ్ల అమ్మో నాన్నో ఎండలో కూలికి పోయేవాళ్లే. అలాంటి ప్రశ్నను కసిరి పక్కన పెడితే లాభం లేదు. జవాబు కోసం ధ్రువాల మంచు దాకా పోనక్కర్లేదు. మన ఊళ్ల మీదుగా పోయిన 2015 మే నెల చాలు.

ఆ నెల చివరి వారాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వడదెబ్బకు చనిపోయినవాళ్లు అధికారిక లెక్కల్లోనే రెండు వేలకు దగ్గరగా ఉన్నారు. అప్పుడు వార్తలు గుర్తున్నవాళ్లకు ఆ జాబితాలో ఎవరున్నారో కూడా గుర్తుంటుంది. ఉపాధి హామీ పనిలో గడ్డపార పట్టినవాళ్లు, భవన నిర్మాణ కూలీలు, గొర్రెలు కాసేవాళ్లు, ఇల్లూ నీడా లేని ముసలివాళ్లు. ఏసీ గదిలో ఉన్నవాళ్ల గురించి అలాంటి వార్త మేం చదవలేదు.

ఇది వాతావరణ మార్పు వల్లే జరిగిందా? దీని మీద రెండు పరిశోధన పత్రాలు వచ్చాయి. పైపైన చూస్తే రెండూ ఒకదానికొకటి అడ్డం తిరిగినట్టే ఉంటాయి.

మొదటిది 2016లో అమెరికన్ మెటియొరొలాజికల్ సొసైటీ పత్రికలో వచ్చింది. మైకేల్ వేనర్ బృందం హైదరాబాద్, కరాచీ నగరాల మీద రాసింది. వాళ్లు ఉష్ణోగ్రతను ఒక్కదాన్నే తీసుకోలేదు, గాలిలో తేమను కూడా కలిపి లెక్కగట్టారు. మనుషులు గాలిలోకి వదిలిన వాయువుల వల్ల అంతటి ఉక్క వేడి వచ్చే అవకాశం బాగా పెరిగిందని తేల్చారు.

రెండోది 2018లో వచ్చింది. నెదర్లాండ్స్ శాస్త్రవేత్త ఖేర్ట్ యాన్ వాన్ ఓల్డెన్‌బర్గ్ బృందం 2015 నాటి మన వడగాడ్పులనూ, 2016లో రాజస్థాన్‌లోని ఫలోదిలో నమోదైన 51 డిగ్రీల రికార్డునూ పరిశీలించింది. 1970ల నుంచి చూస్తే దేశంలో చాలా చోట్ల ఏడాది మొత్తంలో నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత పెరుగుతున్నట్టు కనబడలేదని రాశారు. ఈ ఒక్క వాక్యం చాలు, భూమి వేడెక్కడమంతా కట్టుకథ అనేవాళ్లకు పండగే. "చూశారా, భారతదేశంలో ఎండలు పెరగలేదని శాస్త్రవేత్తలే ఒప్పుకున్నారు" అని ఒక వీడియో చేసేయొచ్చు.

కానీ ఆ పత్రం అక్కడ ఆగలేదు. ఎందుకు పెరగలేదో వెతికింది. రెండు కారణాలు చూపింది. ఒకటి, మన గాలిలోని పొగ, ధూళి. అవి సూర్యకాంతిని కొంత అడ్డుకుంటాయి, నేల మీద పడే వేడి తగ్గుతుంది. రెండోది సాగునీరు. తడిసిన నేల నుంచి నీరు ఆవిరయ్యేటప్పుడు చుట్టుపక్కల వేడిని తీసుకుపోతుంది. అంటే వేడెక్కడం ఆగలేదు. ఒక పక్క వేడి పెరుగుతుంటే, ఇంకో పక్క దుమ్మూ నీళ్లూ దాన్ని కొంతమేర కప్పిపెట్టాయి. ఈ రెంటినీ కంప్యూటర్ నమూనాలు సరిగా పట్టుకోలేకపోతున్నాయి కాబట్టి, ఈ ప్రాంతపు వడగాడ్పుల్లో వాతావరణ మార్పు వాటా ఇంతని ఆ నమూనాలతో తేల్చలేమని నిజాయితీగా చెప్పారు.

అసలు సంగతి ఆ తర్వాత ఉంది. ఉష్ణోగ్రత పెరగని చోట కూడా గాలిలో తేమ పెరిగింది. సాగునీటి వల్లా పెరిగింది, సముద్రం వేడెక్కడం వల్లా పెరిగింది. అందుకే మనిషి ఒంటి వైపు నుంచి చూస్తే భారతదేశంలో వడగాడ్పుల తీవ్రత పెరిగిందనే ఆ పత్రం కూడా చెప్పింది. మొదటి పత్రం తేమ కలిపి కొలిచింది. రెండోది ముందు ఉష్ణోగ్రతను విడిగా కొలిచి, తర్వాత తేమ దగ్గరికి వచ్చింది. ఇంకో మాట. ఐఐటీ ఢిల్లీకి చెందిన కృష్ణ అచ్యుతరావు పేరు రెండు పత్రాల రచయితల్లోనూ ఉంది. శత్రు శిబిరాల తగువులో అలా ఉండదు.

తేమ సంగతి మన ఇళ్లలో అందరికీ తెలిసిందే. ఎండాకాలం మట్టికుండలో నీళ్లు చల్లబడేది కుండ పైకి ఊరిన చెమ్మ ఆవిరవడం వల్ల. గాలిలో అప్పటికే తేమ నిండి ఉన్న రోజు కుండ నీళ్లు అంతగా చల్లబడవు. మన ఒళ్లు కూడా ఆ కుండలాంటిదే. చెమట పడుతుంది గానీ ఆరదు, లోపలి వేడి బయటికి పోదు. థర్మామీటర్ బల్బుకు తడిబట్ట చుట్టి కొలిచే ఉష్ణోగ్రతను తడి బల్బు ఉష్ణోగ్రత అంటారు. అది 35 డిగ్రీలు దాటితే ఆరోగ్యవంతుడు కూడా ఎక్కువసేపు బతకలేడని 2010లో ఇద్దరు శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. 2022లో అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు ఆరోగ్యంగా ఉన్న యువతీయువకుల మీద పరీక్షలు చేస్తే, తేమ ఎక్కువున్న గదిలో 31 డిగ్రీల దగ్గరే ఒళ్లు అదుపు తప్పడం మొదలైంది. ఇదీ తేడాయే. ఏ వైపు తేడా వచ్చిందో చూడండి. పైగా ఆ పరీక్షల్లో వాళ్లు చేసింది తేలిక పని. తల మీద ఇటుకలు మోయలేదు.

సాగునీటి పాత్ర మీద మన దేశ శాస్త్రవేత్తల మధ్య ఇంకా వాదన నడుస్తోంది. సాగునీరు ఉక్కను పెంచుతోందని ఐఐటీ గాంధీనగర్‌కు చెందిన విమల్ మిశ్రా బృందం 2020లో రాసింది. గంగా మైదానంలో వానాకాలానికి ముందు నెలల్లో పారే నీటిని ఎక్కువగా అంచనా వేస్తున్నారని, అప్పుడు దాని ప్రభావం తక్కువేనని ఐఐటీ బాంబే పరిశోధకులు 2022లో జవాబిచ్చారు. ఎవరిది నిజమైనా, భూమి వేడెక్కుతోందా లేదా అన్నది వీళ్ల పేచీ కాదు.

మరి పేచీ లేనిది ఏది? చలికాలం రాత్రి మబ్బు పడితే చలి తగ్గుతుందని రైతులందరికీ తెలుసు. నేల నుంచి పైకి పోయే వేడిని మబ్బు పట్టి ఉంచుతుంది. కార్బన్ డయాక్సైడ్ కూడా అలాగే వేడిని పట్టి ఉంచుతుందని 1850ల్లోనే యూనిస్ ఫుట్, జాన్ టిండాల్ విడివిడిగా ప్రయోగాలు చేసి చూపారు. 1958లో హవాయిలోని మౌనా లోవా కొండ మీద చార్లెస్ కీలింగ్ కొలవడం మొదలుపెట్టినప్పుడు గాలిలో అది పది లక్షల పాళ్లకు సుమారు 315 పాళ్లు. ఇప్పుడు 420 దాటింది. పెరిగినది బొగ్గు, చమురు నుంచి వచ్చిందేనని ఎలా తెలుసు? కోట్ల ఏళ్లు నేలలో ఉన్న బొగ్గులో కార్బన్-14 అనే రకం మిగిలి ఉండదు. 1950లకు ముందే గాలిలో కార్బన్-14 పాలు తగ్గుతూ వచ్చింది. సూర్యుడే వేడెక్కాడు అనేవాళ్లకూ జవాబుంది. సూర్యుడి వల్లయితే వాతావరణంలో కింది పొరతో పాటు పై పొర కూడా వేడెక్కాలి. కింది పొర వేడెక్కుతుంటే పై పొర చల్లబడుతోంది. దుప్పటి కప్పుకుంటే లోపల వెచ్చన, బయట చలి ఉన్నట్టే.

97 శాతం శాస్త్రవేత్తలు ఒప్పుకున్నారన్న అంకె మన కరపత్రాల్లోనూ తరచు కనబడుతుంది. దాన్ని జాగ్రత్తగా వాడాలి. 2013లో జాన్ కుక్ బృందం 11,944 పరిశోధన సారాంశాలు చదివింది. మూడింట రెండొంతులు కారణం గురించి ఏమీ చెప్పలేదు. చెప్పిన వాటిలో 97 శాతం మనుషులే కారణమన్నాయి. సగం చెప్పి సగం దాస్తే రేపు అవతలివాళ్లకు మనమే ఆయుధం ఇచ్చినట్టు.

శాస్త్రం తప్పు చేయదని కాదు. హిమాలయాల హిమానీనదాలు 2035 కల్లా కరిగిపోవచ్చని 2007లో ఐక్యరాజ్యసమితి వాతావరణ సంఘం నివేదికలో వచ్చింది. 2009లో మన పర్యావరణ శాఖ వి.కె. రైనా రాసిన చర్చాపత్రం విడుదల చేస్తే, సంఘం అధ్యక్షుడు ఆర్.కె. పచౌరి దాన్ని ఎద్దేవా చేశారు. చివరికి 2010 జనవరిలో సంఘమే తన 2035 మాటకు ఆధారం లేదని ఒప్పుకుంది. ఒక పత్రికకు వచ్చిన ఇంటర్వ్యూ చేతులు మారి నివేదికలోకి చేరింది. ఎద్దేవా చేసినాయన తప్పు, ఆ తేదీని అనుమానించినవాళ్లు ఒప్పు. కానీ మంచు కరగడం ఆగలేదు. అదే ప్రాంతంలో 2000 తర్వాత కరిగే వేగం అంతకుముందుకంటే రెట్టింపైందని 2019లో పాత గూఢచారి ఉపగ్రహాల ఫొటోలతో పోల్చి చూపారు.

తప్పు దిద్దుకోవడానికీ, అనుమానాన్ని అమ్ముకోవడానికీ తేడా ఉంది. ఎక్సాన్ చమురు కంపెనీ సొంత శాస్త్రవేత్తలు 1970ల చివరి నుంచీ వేసిన అంచనాలు చాలావరకు సరిగ్గా నిజమయ్యాయని 2023లో సైన్స్ పత్రికలో వచ్చింది. లోపల ఆ లెక్కలు పెట్టుకుని, బయట మాత్రం ఏదీ ఖాయం కాదని ఆ కంపెనీ ఏళ్ల తరబడి చెప్పింది. మన దగ్గర ఈ అనుమానం ఇంకో రూపంలో వస్తుంది. 2014 సెప్టెంబర్ 5న విద్యార్థులతో మాట్లాడుతూ ప్రధాని, వాతావరణం మారలేదు, తట్టుకునే శక్తి మనలో తగ్గింది అన్న అర్థంలో జవాబిచ్చారు. మరుసటి ఏడాది పారిస్‌లో దాన్నే ప్రపంచానికి పెద్ద సవాలన్నారు. రెండో మాటకన్నా మొదటిదే ఊళ్లలో మేం ఎక్కువ వింటాం. ఎండకు కూలినవాడిదే తప్పన్నట్టు ఉంటుంది అది.

సాక్ష్యం చాలదు అన్న మాట మనకు కొత్త కాదు. 1991లో చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపిన కేసులో కింది కోర్టు వేసిన శిక్షలను 2014లో హైకోర్టు కొట్టేసింది కూడా సాక్ష్యాల మీదే. వడదెబ్బ విషయంలో సాక్ష్యం ఎక్కడ తెగుతుందో చూడండి. వాతావరణ శాఖ థర్మామీటర్ గాలి ఆడే తెల్లటి చెక్కపెట్టెలో, నీడలో ఉంటుంది. కూలి మనిషి నీడలో ఉండడు. వడదెబ్బ మరణాలను పోలీసుల రికార్డుల నుంచి ఒక సంస్థ, ఆస్పత్రుల నుంచి ఒక శాఖ, ఇతర వివరాలతో వాతావరణ శాఖ విడివిడిగా లెక్కిస్తాయి. ఆ లెక్కలు ఒకదానితో ఒకటి కలవవు. మండలంలో తహసీల్దార్, వైద్యాధికారి, ఎస్సై ఉన్న త్రిసభ్య కమిటీ ధ్రువీకరిస్తేనే అది వడదెబ్బ మరణం. లేకపోతే గుండెపోటు, వృద్ధాప్యం, తాగుడు. ఎండలో పనిచేసేది ఏ కులాలన్నది ఈ లెక్కలేవీ అడగవు. ఆ పని ఐఐఎం బెంగళూరు తదితర సంస్థల పరిశోధకులు చేశారు. డెమోగ్రఫీ పత్రికలో 2025లో వచ్చిన వాళ్ల అధ్యయనం ప్రకారం, చదువు, ఆర్థిక స్థితి తేడాలు లెక్కలోకి తీసుకున్నాక కూడా అణగారిన కులాల వాళ్లే పని గంటల్లో ఎక్కువ వేడికి గురవుతున్నారు.

2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడగాడ్పులను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, 50 వేలుగా ఉన్న సాయాన్ని 4 లక్షలకు పెంచింది. ఆ నాటికి కేంద్రం నోటిఫై చేసిన 12 విపత్తుల జాబితాలో చలిగాలులు ఉన్నాయి, వడగాడ్పులు లేవు.

4 లక్షలు రావాలన్నా కమిటీ సంతకం కావాలి. అందుకే మీ వాడలో ఎవరైనా ఎండకు పడిపోతే, ఏ పనిలో ఉన్నారు, ఎన్ని గంటలకు పడిపోయారు, ఒళ్లు కాలుతోందా, మాట తడబడిందా అన్నది అప్పుడే రాసి పెట్టండి. ఆస్పత్రిలో ఒంటి ఉష్ణోగ్రత రాయించండి. ప్రాణం పోతే పోస్టుమార్టం వద్దని ఎవరు చెప్పినా వినకండి. రాష్ట్ర ప్రభుత్వాల ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు మండలాల్లో ఉన్నాయి. ఆ రోజు, ఆ గంట రీడింగు అడిగి తీసుకుని దరఖాస్తుకు జతచేయండి. అందులో డిగ్రీల పక్కన తేమ శాతం కూడా ఉండేలా చూసుకోండి. డిగ్రీలు ఒక్కటే చూసి "అదంత పెద్ద ఎండేం కాదులే" అనే అధికారికి ఆ రెండో అంకె చూపించాలి.