మైనం మీద మెట్లు

రాయగడలో రైలెక్కి దక్షిణానికి దిగితే పార్వతీపురం దాటాక బొబ్బిలి వస్తుంది. ఆ పక్కనే గొల్లపల్లి. రాయగడ, కొరాపుట్ వైపు తెలుగిళ్లలో ఆడపిల్లకు వీణ నేర్పించాలన్న ముచ్చట పుడితే చాలా మందికి ముందు తోచే పేరు అదే. 1936లో ఒడిశా ఏర్పడేదాకా కొరాపుట్, బొబ్బిలి రెండూ విశాఖపట్నం జిల్లాలోవే కదా!

గొల్లపల్లి పనివాళ్లు కుండ, మెట్లుండే దండి, చివరి యాళి తల మూడింటినీ ఒకే పనస దుంగలో తొలుస్తారు. ఆ ఏకాండి వీణకే బొబ్బిలి వీణగా భౌగోళిక గుర్తింపు వచ్చింది. అతుకు లేదు కాబట్టి వానాకాలపు చెమ్మకు అతుకు విడుతుందన్న భయం లేదు. కొరాపుట్ లాంటి, 800 మీటర్లకు పైన తడి మబ్బుల్లో ఉండే ఊరికి తీసుకెళ్లేవాళ్లకు అది చిన్న విషయం కాదు. అయినా ఏకాండి అన్నంత మాత్రాన, చెక్కడం బాగుందన్నంత మాత్రాన మంచి వీణ అయిపోదు. మా ఇంటికి మొదట వచ్చిన వీణను నేను యాళి చెక్కడం చూసి ఎంచుకున్నాను. అది గొల్లపల్లిది కాదు, మరో చోట కొన్నది. ఏడాది తిరగకముందే దండి కాస్త వంగింది. పై మెట్ల దగ్గర తీగ ఎంత ఎత్తున నిలిచిందంటే, నొక్కలేక మా అమ్మాయి వేళ్లు కందిపోయేవి.

వీణలో అసలు రహస్యం మెట్లలో ఉంది. ఈనాటి రూపాన్ని 17వ శతాబ్దపు తంజావూరు రాజు రఘునాథ నాయకుడితో ముడిపెడతారు. మెట్లు 24, తీగకు రెండు స్థాయిలు. ఒక్కో మెట్టుకూ పౌనఃపున్యం దాదాపు 1.06 రెట్లు పెరగాలి. పన్నెండు మెట్లెక్కేసరికి సరిగ్గా రెట్టింపు కావాలి. మెట్లు ఎక్కడ నిలపాలన్న ఇదే చిక్కుకు ఇటలీలో గెలీలియో తండ్రి విన్సెంజో గెలీలీ 1581లో ఒక లెక్క చెప్పాడు: ప్రతి మెట్టుకూ మిగిలిన తీగ పొడవులో పద్దెనిమిదో వంతు తగ్గించుకుంటూ పొమ్మన్నాడు. అలా చేస్తే పన్నెండో మెట్టు దగ్గర తీగ సగానికి బదులు 0.504 వంతు మిగులుతుంది. తప్పులా కనిపిస్తుంది గానీ, తీగను నొక్కినప్పుడు అది సాగి స్వరం కాస్త పెరుగుతుంది. ఆ పెరుగుదల ఈ లోటును చాలావరకు పూడుస్తుంది.

గిటారులో మెట్లను కర్రలోకి దిగ్గొడతారు. ఒకసారి దిగాక లెక్క మారదు. మన వీణలో తేనెమైనంలో మసి కలిపిన నల్లటి ముద్దను దండి మీద పరిచి, అందులో మెట్లు నిలుపుతారు. పక్కన శ్రుతి మోగుతుండగా, తీగ నొక్కి, విని, మెట్టును వెంట్రుకవాసి జరిపి, మళ్లీ వింటారు. దీన్నే మేళం కట్టడం అంటారు. తీగ సాగుదల కూడా ఆ వినికిడిలోనే సర్దుకుపోతుంది. అందుకే వీణ కొనడమంటే నా దృష్టిలో కర్రను కొనడం కాదు, మేళం కట్టినవాడి చెవిని కొనడం.

ఆ చెవిని పరీక్షించడానికి విద్వాంసులే కానక్కర్లేదు. సారణి తీగను పన్నెండో మెట్టుకు సరిగ్గా పైన వేలితో ఊరికే తాకి మీటండి, నొక్కొద్దు. సన్నగా పై షడ్జం పలుకుతుంది. తీగ రెండు సగాలుగా కంపించడం వల్ల వచ్చే స్వరం అది. ఇప్పుడు అదే మెట్టు మీద గట్టిగా నొక్కి మీటండి. రెండూ ఒకటిగా వినిపించాలి. ఆ తర్వాత మధ్య మెట్ల మీద తీగను పక్కకు లాగి చూడండి. రెండు మూడు స్వరాల దాకా గమకం తేలిగ్గా అందాలి, తీగ పక్క మెట్టుకు కొట్టుకోకూడదు.

ఇక తీగలు ఆనే గుర్రం. దాని పైనున్న లోహపు పలక చదునుగా ఉండదు, మెల్లగా వంగి ఉంటుంది. చిన్నతనం విశాఖపట్నంలో గడిపిన సి.వి. రామన్, వీణ వాయించే లోకసుందరిని పెళ్లాడిన రామన్, 1921లో ఈ వంపు మీదే పరిశోధన ప్రచురించారు. తీగను సరిగ్గా మధ్యలో మీటితే రెట్టింపు, నాలుగింతల పౌనఃపున్యాలు పలకకూడదని యంగ్ నియమం. వీణ, తంబురాలలో అవి బలంగా పలుకుతాయి. కంపించే తీగ వంపు మీద పాకుతూ, తాకే చోటును క్షణక్షణం మార్చుకుంటుంది గనక. తంబురా అలా పలకాలంటే తీగ కింద నూలుపోగు వేయాలి. వీణకు పలక వంపే చాలు. వంపు ఎక్కువైతే తీగ గరగరలాడుతుంది, తక్కువైతే నాదం మొద్దుబారి తొందరగా ఆరిపోతుంది. మీటి, చేయి తీసేసి, నాదం ఎంతసేపు నిలుస్తుందో ఓపిగ్గా వినాలి.

రెండో వీణ కోసం గొల్లపల్లి వెళ్లినప్పుడు నేను అలాగే విన్నాను. మధ్యలో ఒక మెట్టు కాస్త తగ్గింది. చెప్పగానే మేళం కట్టినాయన నొచ్చుకోలేదు. మైనాన్ని సెగ చూపి మెత్తబరిచి, మెట్టును బొటనవేలితో అంత జరిపి, "ఇప్పుడు వినండి బాబూ" అన్నారు.

షడ్జం పక్కన గాంధారం నిలబడింది.