‘హ్యావ్’ క్రియ అర్థచ్ఛాయలు: ‘కలిగి ఉండు’ సరిపోతుందా?

ఇంగ్లీషు తరగతిలో ‘హ్యావ్’ అనే క్రియకు తెలుగు అర్థంగా సాధారణంగా ‘కలిగి ఉండు’ అని చెబుతారు. ఈ ఒక్క సమానార్థకం విద్యార్థి ఇంగ్లీషునూ, అనువాదకుల తెలుగునూ కూడా దారి తప్పిస్తున్నదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

‘హ్యావ్’కు పూర్వరూపం ప్రాచీనాంగ్లంలోని ‘హబ్బన్’. దీని మూలధాతువుకు ‘పట్టుకొను’ అని అర్థం. లాటిన్ ‘హబేరే’ రూపంలోనూ అర్థంలోనూ దీనిని పోలి ఉన్నా జ్ఞాతిపదం కాదు. ధ్వనిపరిణామ సూత్రాల ప్రకారం దీని జ్ఞాతి ‘కపేరే’. పట్టుకొనేవాడు కర్త, పట్టుబడినది కర్మ అన్న అన్వయం నేటి ఇంగ్లీషు వాక్యంలోనూ నిలిచి ఉంది.

తెలుగు పద్ధతి వేరు. ‘నాకు ఇద్దరు కొడుకులు ఉన్నారు’ అన్నప్పుడు క్రియ కొడుకులతో అన్వయిస్తుంది. స్వామిని సూచించే పదం ‘కు’ ప్రత్యయంతో పక్కన నిలుస్తుంది. సంప్రదాయ వ్యాకరణం ఈ ‘కు’ను షష్ఠిలో చేర్చింది. పైగా ‘ఐ హ్యావ్ మనీ’ అన్న ఒక్క వాక్యానికి తెలుగులో రెండు వాక్యాలున్నాయి. ‘నా దగ్గర డబ్బుంది’ అంటే ప్రస్తుతం చేతిలో ఉన్నదని. ‘నాకు డబ్బుంది’ అంటే కలవాడినని. ‘నా దగ్గర ఇద్దరు కొడుకులున్నారు’ అంటే వారు నాతో నివసిస్తున్నారనే అర్థం వస్తుంది. ‘కలిగి ఉండు’ ఈ భేదాలన్నింటినీ చెరిపివేస్తుంది. నిజానికి ‘కలుగు’ అకర్మక క్రియ. ‘సందేహం కలిగింది’, ‘ఒక ఊరు కలదు’ అన్న ప్రయోగాలే అందుకు సాక్ష్యం. ‘ఈ గది రెండు తలుపులను కలిగి ఉంది’ వంటి వాక్యంలో దానికి ద్వితీయను తగిలించి సకర్మకంగా వాడుతున్నాం. ‘ఈ గదికి రెండు తలుపులున్నాయి’ అనడానికి అడ్డేమిటో తెలియదు.

స్వామ్యంతో సంబంధం లేని అర్థాలలో ‘హ్యావ్’కు విడిగా తెలుగు మాట అక్కరలేదు. టీ ‘తాగుతాం’, స్నానం ‘చేస్తాం’. ‘హ్యావ్ టు గో’ అంటే ‘వెళ్ళాలి’. ఇతరులచేత పని చేయించుకోవడాన్ని తెలిపే ‘హ్యావ్’ను మాత్రం ‘కుట్టించుకున్నాను’ వంటి రూపంలోని ‘ఇంచు’, ‘కొను’ కలిసి చక్కగా అందిస్తాయి.

‘ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్’ అన్న దోషానికి మాతృభాషా ప్రభావమే కారణమని తరచు వింటాం. అది సందేహాస్పదం. ‘నాకు ఇద్దరు తమ్ముళ్ళు ఉంటున్నారు’ అని తెలుగువారూ అనరు; స్థితివాచకాన్ని ఇంగ్లీషు వలెనే తెలుగు కూడా ఇక్కడ వర్తమాన నిరంతర రూపంలో వాడదు. కానీ ‘కలిగి ఉన్నాను’ను మాటకు మాటగా మారిస్తే ‘హ్యావింగ్’, ‘యామ్’ వస్తాయి. ఈ దోషం ఇతర భారతీయ భాషల వారిలోనూ కనిపిస్తుంది గనుక ఇదొక్కటే కారణమనలేం. అయినా తెలుగు తరగతిలో దీని పాత్రను తోసిపుచ్చలేం. ‘వి ఆర్ హ్యావింగ్ లంచ్’ ఎందుకు సాధువో కూడా ఇక్కడే చెప్పవచ్చు: అక్కడ ‘హ్యావ్’ తినడమనే వ్యాపారాన్ని తెలుపుతున్నది, స్వామ్యాన్ని కాదు.