నడిచే ఇంట కాపురం

ప్రయాణమునకు బయలుదేరినవాడు తన ఇంటిని వెంటబెట్టుకొని పోవుట మన సీమకు క్రొత్త సంగతి కాదు. చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో దుబాసీగా ఉండిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18వ తేదీన కాశీయాత్రకు బయలుదేరి, తిరుపతి మీదుగా కడపకు, అక్కడినుండి అహోబిలం, మహానంది, శ్రీశైలములకు వచ్చినాడు. పల్లకీ, బోయీలు, డేరాలు, వంట సామగ్రి, పెద్ద పరివారము ఆయన వెంట సాగినవి. మజిలీ మజిలీకి ఆయన శ్రద్ధగా వ్రాసి ఉంచిన విషయములు ఏవి? దిగుటకు చోటున్నదా, నీళ్లు ఎట్టివి, అంగళ్లలో ఏ సరకులు దొరుకును, బాట ఎట్లున్నది అనునవే. అంతకు ముందు, 1800 నుండి 1807 వరకు దత్తమండలముల ప్రధాన కలెక్టరుగా ఉండిన తామస్ మన్రో కూడ ఊరూరు తిరుగుచు చాలాకాలము గుడారములలోనే కాపురము చేసినాడు.

నేడు ఆ డేరా, ఆ వంటశాల, ఆ నీళ్ల కావడి అన్నియు ఒక్క మోటారు బండిలో ఒదిగినవి. దానినే కారవాన్ అంటున్నారు. సినిమా తారల పుణ్యమా అని ఆ పేరు మన పల్లెలకు కూడ తెలిసినదే. మన దేశమున కేంద్ర పర్యాటక శాఖ 2009లో కారవాన్ యాత్రలకు ఒక విధానము ప్రకటించినది; కేరళ రాష్ట్రము 2021లో తనదైన విధానము తెచ్చినది. గండికోట లోయను, బెలూం గుహలను, ఓర్వకల్లు రాతివనమును చూడగోరు కుటుంబము అటువంటి బండిని కొనుటయో, అద్దెకు తెచ్చుకొనుటయో ఇప్పుడు వింత కాదు.

అయితే బండి తోలుట వేరు, బండిలోని ఇల్లు నడుపుట వేరు. మొదటిది తెలిసిన డ్రైవరుకు ఒక పూటలో పట్టుబడును. రెండవదానికే చదువు కావలెను. ఊరిలోని ఇంటిలో నీరు ఎక్కడినుండి వచ్చునో, మురుగు ఎక్కడికి పోవునో, దీపము దేనివలన వెలుగుచున్నదో మనము ఆలోచింపము. కుళాయి త్రిప్పితిమి, మీట నొక్కితిమి, పని జరిగినది. నడిచే ఇంటిలో ఇవన్నియు చేతికందు దూరములోనే ఉండును; అన్నిటికిని ఒక హద్దు ఉండును. ఏటా సగటున 700 మిల్లీమీటర్ల దరిదాపున మాత్రమే వాన కురిసే కర్నూలు, కడప సీమలలో ఆ హద్దు తెలియని యాత్రికుడు తాను ఇబ్బంది పడుటయే గాక, దిగిన ఊరికి కూడ బరువగును. కనుక ఈ విద్యను కొంచెము వివరముగా చూతము.

ముందు నీటి సంగతి. బండిలో 120 లీటర్ల మంచినీళ్ల తొట్టి ఉన్నదనుకొందము. 2019లో ప్రారంభమైన జల్ జీవన్ మిషన్ పల్లెలలో మనిషికి రోజుకు 55 లీటర్లు అందవలెనని లెక్క కట్టినది. ఆ లెక్కన నలుగురికి 220 లీటర్లు కావలెను. మన తొట్టి అర రోజునకు మించి రాదు. అదే కుటుంబము త్రాగుటకు, వంటకు 20 లీటర్లు, మనిషికి ఒక చిన్న బకెట్టు చొప్పున స్నానమునకు 40, గిన్నెలకు, చేతులకు 20, మరుగుదొడ్డికి 10 అని పంచుకొన్నచో 90 లీటర్లతో రోజు గడచి, మరునాటి ఉదయమునకు 30 మిగులును. ఇది పొదుపు బోధ కాదు. మూడవ తరగతి కూడిక.

తొట్టి నుండి కుళాయికి నీటిని పంపునది 12 వోల్టుల చిన్న పంపు. కుళాయి విప్పగానే గొట్టములో ఒత్తిడి తగ్గును, పంపు తిరుగును, కట్టగానే ఆగును. అందుచేత రాత్రి ఏ కుళాయియు విప్పకుండగనే పంపు చప్పుడు వినబడినచో ఎక్కడో నీరు కారుచున్నదని గాని, తొట్టి ఎండినదని గాని గ్రహింపవలెను. క్రొత్తగా వచ్చినవాడు మొదట నేర్వవలసినది ఈ చప్పుడును వినుటయే. పంపుకు ముందు ఒక జల్లెడ ఉండును. మన బోర్ల నీటిలో వచ్చు సన్నని ఇసుక దానిలో చేరును. దానిని విప్పి కడుగుచుండవలెను. క్రొత్త బండి తొట్టిని తగు కొలతలో క్లోరిన్ కలిపిన నీటితో నింపి, కొన్ని గంటలుంచి, పారబోసి, మంచి నీటితో రెండు మారులు కడిగిన తరువాతనే వాడుకొనవలెను.

మన సీమలో మరియొక చిక్కు కలదు. కర్నూలు, కడప నేలల క్రింద సున్నపురాయి విస్తారముగా ఉన్నది. 2022 నుండి నంద్యాల జిల్లాలో చేరిన బెలూం గుహలు ఆ రాతిలోనే నీరు తొలిచినవి. వాటి పొడవు 3,229 మీటర్లు. వాననీరు గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని సున్నపురాతిని కరిగించును. ఆ నీరు గుహ కప్పునుండి చుక్కచుక్కగా కారునప్పుడు వాయువు విడిపోయి, సున్నము తిరిగి రాయిగా పేరుకొనును. ఆ రాతి ఊడలను చూచుటకే మనము అంత దూరము పోవుచున్నాము. అదే నీటిని బండిలోని వేడినీళ్ల యంత్రములో పోసి కాచినచో, ఆ రసాయనక్రియయే మరింత వేగముగా జరిగి, లోపల తెల్లని పొర కట్టును. కొన్నాళ్లకు నీరు వేడెక్కుట ఆలస్యమగును, కుళాయి సన్నగిల్లును. సబ్బు నురగ రాని నీరు తొట్టిలో పోసినచో కొన్ని నెలలకొక మారు నిమ్మ ఉప్పు నీటితో ఆ పొరను కరిగించి కడుగవలెను. గుహలో చూచిన పాఠము గొట్టములో మరల కనబడును.

ఇక విద్యుత్తు. బండి ఇంజనుకు ఒక బ్యాటరీ, ఇంటి వాడుకకు వేరొక బ్యాటరీ ఉండును; వీటి రెండింటికి గల తేడాను మొదటి రోజునే తెలిసికొనవలెను. ఇంటి బ్యాటరీ 12 వోల్టులు, 200 ఆంపియరు గంటలది అనుకొందము. రెంటిని గుణించినచో 2,400 వాట్ గంటలు. అది సీసపు బ్యాటరీ అయినచో సగమునకు మించి వాడరాదు. వాడినచో దాని ఆయువు తరుగును. విశ్రాంతిగా ఉన్నప్పుడు మీటరు 12.7 వోల్టులు చూపినచో నిండుగా ఉన్నట్లు, 12.2 చూపినచో సగమైనట్లు. కనుక మన చేతిలో ఉన్నది 1,200 వాట్ గంటలే. ఒక శీతలయంత్రము గంటకు ఇంచుమించుగా అంత మ్రింగును. మే నెలలో, ఉష్ణము 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నమున, బ్యాటరీ మీద ఆధారపడి దానిని నడుపవచ్చునని తలచినవాడు గంట గడవకముందే చీకటిలో, ఉక్కలో కూర్చుండును.

అదే 25 వాట్ల ఫ్యాన్లు రెండు ఎనిమిది గంటలు తిరిగినచో 400; అయిదేసి వాట్ల దీపములు నాలుగు, నాలుగు గంటలు వెలిగినచో 80; పంపుకు 30; ఫోనులకు 40. మొత్తము 550. బండిపైన 200 వాట్ల సౌర ఫలకము ఉన్నచో, రోజుకు అయిదు గంటల నిండు ఎండకు సమానమైన వెలుగు పడునని లెక్కించి 1,000 అనుకొనవచ్చును. కాని వేడి, దుమ్ము, తీగలలో నష్టము కలిసి అందులో నాలుగవ వంతు పోవును, 750 మిగులును. ఖర్చు 550, రాబడి 750, సంసారము సాగును. అర వెయ్యి వాట్ గంటలు తినే చిన్న ఫ్రిజ్‌ను దీనికి చేర్చినచో లెక్క తలక్రిందులగును.

ఎండ ఎక్కువైతే విద్యుత్తు కూడ ఎక్కువ వచ్చునని పిల్లలు అనుకొందురు. వెలుగు పెరిగినచో పెరుగును గాని, వేడి పెరిగినచో తగ్గును. సిలికాన్ ఫలకము 25 డిగ్రీలను దాటిన ప్రతి డిగ్రీకి సుమారు 0.4 శాతము శక్తిని కోల్పోవును. మన వేసవిలో ఫలకము 65 డిగ్రీలకు కాగినచో 16 శాతము నష్టము. గని, శకునాల గ్రామాల వద్ద 2017లో పూర్తియైన 1,000 మెగావాట్ల కర్నూలు సౌర విద్యుత్ పార్కుకైనను ఈ నియమము తప్పదు, బండి నెత్తిన ఉన్న చిన్న పలకకైనను తప్పదు. వారానికొక మారు తెల్లవారుజామున, పలక చల్లగా ఉన్నప్పుడు, తడిగుడ్డతో దుమ్ము తుడుచుట మంచిది.

మూడవది వంట గ్యాసు. ఇచ్చట అజాగ్రత్త ప్రాణము మీదికి వచ్చును. ఈ గ్యాసు గాలికంటె బరువైనది. కారినచో పైకి పోదు, నేలను ప్రాకి క్రింద నిలుచును. అందుకే సిలిండరు ఉన్న అరకు అడుగున గ్యాసు బయటికి జారిపోవుటకు రంధ్రము ఉంచుదురు. గ్యాసును పసిగట్టు పరికరమును నేలకు దగ్గరగా అమర్చుదురు. మన బాటల ఎర్రదుమ్ము లోనికి వచ్చుచున్నదని ఆ రంధ్రములో గుడ్డ కుక్కరాదు. బండి కదలునప్పుడు సిలిండరు మర కట్టివేయవలెను. కుదుపులకు అతుకులు వదులగును గనుక సబ్బు నీరు పూసి, బుడగలు లేచునేమో చూడవలెను. అగ్గిపుల్ల గీచి చూచుట ఎన్నడును కూడదు. వంట చేయునంత సేపు కిటికీ తెరచి ఉంచవలెను. గాలి చాలక మండిన మంటనుండి పుట్టు కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే మనిషిని హరించును.

బరువు సంగతి కూడ మరువరాదు. లీటరు నీరు కిలో బరువు; నిండు తొట్టి 120 కిలోలు. మన ఇండ్లలో వంటగట్టుకు కడప బండ పరచుట ఆచారము. రెండు సెంటీమీటర్ల మందముగల బండ చదరపు మీటరుకు 54 కిలోల దరిదాపున తూగును. చక్రాల ఇంటికి అది తగదు. టైరులలో గాలిని ఉదయము, బండి కదలకముందు కొలువవలెను. ఎండబాటలో నడిచిన తరువాత ఒత్తిడి పెరిగి కనబడును. ఎక్కువైనదని అప్పుడు గాలి తీయరాదు. నంద్యాల నుండి గిద్దలూరుకు నల్లమల కనుమ దిగునప్పుడు బ్రేకును నొక్కి పట్టక, తక్కువ గేరులో ఇంజను పట్టుతో దిగవలెను.

కడపటి సంగతి చాలమంది చెప్పుటకు వెనుకాడునది: మురుగు. గిన్నెలు కడిగిన నీటికి ఒక తొట్టి, మరుగుదొడ్డికి మరియొక తొట్టి ఉండును. నింపుట సులభము, ఎక్కడ ఖాళీ చేయవలెనన్నదే ప్రశ్న. సుంకేసుల వద్ద తుంగభద్రనుండి బయలుదేరి కడప వరకు సాగు కె.సి. కాలువ వంటిది బాట ప్రక్కన కనబడినప్పుడు కొందరికి చేయి జారును. ఆ నీటిపై పొలములే కాదు, ఊళ్ల దాహములు కూడ ఆధారపడి ఉన్నవి. ఎండిన వంకలో పోసినను అంతే. తొలివానకు అది చెరువు చేరును. అనుమతి తీసికొని, సెప్టిక్ ట్యాంకు గల మరుగుదొడ్డిలో మాత్రమే ఖాళీ చేయవలెను. బయలుదేరునాడే అటువంటి చోటు ఎక్కడున్నదో తెలిసికొని ఉండవలెను. ఊరి బోరునుండి తొట్టి నింపుకొనునప్పుడు కూడ అడిగి, ఆ ఊరివారి బిందెలు నిండిన తరువాతనే పట్టుకొనుట మర్యాద.

ఇవన్నియు అమ్మినవాడు ఒక గంటలో చూపించును. వినువాడు ఒక రాత్రిలో మరచును. దీనికి పాతకాలపు ఉపాయమొకటి మంచిది. మొదటి రెండు రాత్రులు ఎక్కడికిని పోక, బండిని సొంత ఇంటి ముంగిటనే నిలిపి అందులో కాపురము చేయవలెను. వండవలెను, స్నానము చేయవలెను, ఫ్యాను వేసికొని పండుకొనవలెను. ఏ మీట దేనికో, ఏ ఫ్యూజు ఎక్కడ ఉన్నదో, ఎంత నీరు తరిగినదో, ఉదయమున ఎన్ని వోల్టులు మిగిలినవో ఒక నోటుపుస్తకములో వ్రాయవలెను. ఏది లోపించినను ఇల్లు నాలుగడుగుల దూరములోనే ఉన్నది. ఇరవై మైళ్ల దూరమున ఎర్రమల కొండలలో ఆ సౌకర్యము ఉండదు. వీరాస్వామయ్య మజిలీల వివరములు వ్రాసి ఉంచినట్లే, దిగిన ప్రతిచోట నీరు ఎట్టిది, నీడ ఉన్నదా, మురుగుకు చోటెక్కడ అని ఆ పుస్తకములోనే చేర్చుకొన్నచో వెనుక వచ్చువారికి అది ఉపకరించును.

బండి లేనివారికి ఇదంతయు ఎందుకని ఉపాధ్యాయులు అనుకొనవచ్చును. తరగతిలో ఒక పని చేయించి చూడుడు. ప్రతి విద్యార్థి ఒక రోజు తన ఇంట ఎన్ని బిందెల నీరు వాడినారో, ఎన్ని దీపములు ఎన్ని గంటలు వెలిగినవో, వాడిన నీరు ఎటు పోయినదో వ్రాసి తేవలెను. వేసవిలో వీధి కుళాయి వద్ద వరుసలో నిలిచి నీరు మోసిన పిల్ల ఎవరైన ఉన్నచో, ఆ లెక్కను ఆమె చేతనే బల్లమీద వేయింపుడు. ఆమెకు బిందె బరువు ముందే తెలియును.