మామిడికాయ మాగుట

విజయవాడ నుండి ఏలూరునకు పోవు రహదారిపై దాదాపు 40 కిలోమీటర్ల దూరమున హనుమాన్ జంక్షన్ అను ఊరు కలదు. కూడలిలోని ఆంజనేయస్వామి ఆలయమును బట్టి దానికి ఆ పేరు వచ్చినది. కోల్‌కతాను చెన్నైతో కలుపు జాతీయ రహదారిని ఇచట రెండు బాటలు కలిసికొనుచున్నవి. దక్షిణపు బాట గుడివాడ వైపునకు, వరిచేల నడుమకు పోవును. ఉత్తరపు బాట నూజివీడునకు పోవును. ఆ దారిని కొంతదూరము పోవుసరికి ఎఱ్ఱనేలలు కనబడును. వానితోపాటు మామిడితోటలును కనబడును. వేసవి వచ్చినంతనే ఆ తోటలనుండి కాయలు నింపుకొని లారీలు ఈ కూడలికి దిగివచ్చి, కొన్ని విజయవాడ చెంతనున్న నున్న మామిడి విపణికిని, కొన్ని దూరదేశములకును సాగిపోవుచుండును.

నూజివీడు మామిడికి పుట్టినిల్లు వంటిది. చిన్న రసము, పెద్ద రసము ఈ ప్రాంతపు సొంత సొమ్ము. వీనిని కోసి ముక్కలుగా తినరు. చేతులతో మెత్తగా పిసికి, ముచ్చిక తీసి, రసమును జుఱ్ఱుకొందురు. బంగినపల్లి రాయలసీమనుండి వచ్చినదైనను ఇచటి నేలకు చక్కగా అలవాటుపడినది. ఆ పండునకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. తోతాపురి యను మఱియొక జాతిని మనవారు కలెక్టరుకాయ అందురు.

తోటలోనే పండి, తోటలోనే రాలి, ఆ ఊరివారే తినునట్టి పండును గూర్చి ఎవరును చింతపడ నక్కఱలేదు. కాని విజయవాడ నుండి ఢిల్లీకి 1,700 కిలోమీటర్లకు పైగా దూరమున్నది. పండిన మామిడిని లారీలో వేసి అంతదూరము పంపినచో చేరునది పండు కాదు, గుజ్జు. కావున కాయను పచ్చిగా, గట్టిగా ఉన్నప్పుడే కోసి పంపవలయును. అట్లు పంపిన కాయ ఎచటనో ఒకచోట, ఎవరి చేతులలోనో పండవలయును. దానిని ఎవరు, ఏమి పెట్టి పండించుచున్నారు? ఈ ప్రశ్న పండు తిను ప్రతివానికిని సంబంధించినది.

చెట్టునుండి కోసినంతమాత్రమున కాయ ప్రాణము కోలుపోయినదని తలపరాదు. అది మనవలెనే ప్రాణవాయువును పీల్చుచు, బొగ్గుపులుసు వాయువును విడుచుచు, వేడిని పుట్టించుచుండును. బాగుగా ముదిరిన కాయలో పిండిపదార్థము నిండియుండును. మాగునప్పుడు ఎంజైములు ఆ పిండిని చక్కెరలుగా మార్చును. పులుపు తగ్గును. కణములను అంటిపెట్టుకొనియుండు జిగురుపదార్థము కరగి గుజ్జు మెత్తబడును. తోలులోని పత్రహరితము క్షీణింపగా పసుపు వన్నె పైకి తేలును. ఇన్ని మార్పులును కూడి వచ్చినప్పుడే మనము దానిని పండు అందుము. 1920–30 సంవత్సరముల నడుమ ఇంగ్లండులోని కేంబ్రిడ్జియందు కిడ్, వెస్టు అను శాస్త్రజ్ఞులు ఆపిలు పండ్లను పరీక్షించి, పండునకు మాగువేళ శ్వాస ఒక్కపెట్టున హెచ్చునని కనుగొనిరి. మామిడి, అరటి, బొప్పాయి, సపోటా ఈ తెగకు చెందినవి. ద్రాక్ష, నారింజ అట్టివి కావు. వానిని పచ్చిగా కోసినచో ఎన్నాళ్లుంచినను తీయబడవు.

మన పల్లెలలో అవ్వలు వరిగడ్డి పఱచి, దానిపై కాయలు పేర్చి, మరల గడ్డి కప్పి మామిడిని మాగవేయుదురు. నాలుగైదు దినములకు గది యంతయు ఘుమఘుమలాడును. గడ్డిలోని వెచ్చదనమే కాయను పండించుచున్నదని అందఱును తలచిరి. అది కొంతవఱకే నిజము. తక్కిన నిజము సముద్రములకు ఆవల, మఱియొక పండు విషయమున బయటపడినది.

అమెరికాలోని కాలిఫోర్నియాయందు వర్తకులు పచ్చని నిమ్మపండ్లను గదులలో పేర్చి, లోపల కిరసనాయిలు పొయ్యిలు వెలిగించెడివారు. కొలది దినములలో అవి పసుపు వన్నెకు తిరిగెడివి. వేడివలననే అట్లగుచున్నదని వారి నమ్మకము. తరువాత పొగ లేని మంచి సాధనములతో ఆ గదులను వెచ్చజేయగా నిమ్మపండ్లు పచ్చగానే నిలిచిపోయినవి! రంగు తెచ్చినది వేడి కాదు, పొగ యన్నమాట. ఆ పొగలో ఇథిలీన్ అను వాయువు కలదనియు, ఆ పని దానిదే యనియు 1924లో డెన్నీ అను శాస్త్రజ్ఞుడు నిరూపించెను. పిదప 1934లో గేన్ అను నాతడు ఇంతకంటె వింతయైన సంగతిని వెల్లడించెను: మాగుచున్న పండు ఆ వాయువును తనంతట తానే తయారుచేసికొనును.

ఇప్పుడు అవ్వల గడ్డి గుట్టు తెలిసినది. గడ్డి కాయనుండి వెలువడు ఇథిలీన్‌ను చెదరిపోనీయక పట్టియుంచుచున్నది. ఒక కాయ విడిచిన వాయువు పక్కకాయను మేల్కొల్పును. అది తన పొరుగుదానిని మేల్కొల్పును. మీరును దీనిని ఇంటిలో పరీక్షింపవచ్చును. ముదిరిన కాయలను రెండు భాగములు చేసి, ఒక భాగమును బాగుగా పండిన అరటిపండుతో కాగితపు సంచిలో కట్టియుంచుడు. రెండవ భాగమును బయట విడిగా ఉంచుడు. ఏవి ముందు పండునో మీకే తెలియును.

గడ్డితో వచ్చిన చిక్కేమన, అది లారీలకు లారీలు వచ్చిపడు కాయలకు చాలదు. ఒకటి రేపు పండును, ఒకటి ఎల్లుండి పండును, అడుగునది కుళ్లును. వర్తకునికి గది నిండిన కాయలన్నియు ఒకే దినమున పండవలయును. ఋతువు మొదట వచ్చిన సరకునకు ధర హెచ్చు; కావున తొందర యుండును. ఈ తొందరలోనే కార్బైడు మన పండ్ల గోదాములలో ప్రవేశించినది.

కాల్షియం కార్బైడు నేలనుండి తీసిన ఖనిజములతో చేయబడును. సున్నపురాతిని కాల్చి, ఆ సున్నమును కోకుబొగ్గుతో కలిపి, విద్యుత్కొలిమిలో సుమారు 2,000 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో కరగించినచో బూడిదవన్నె గల గడ్డలు ఏర్పడును. అవే కార్బైడు గడ్డలు. వానికి తడి తగిలినచో ఎసిటిలీన్ వాయువు పుట్టును. లోహములను అతుకుటకు వాడునది ఆ వాయువే. పూర్వము తిరునాళ్లలో వెలిగించిన గ్యాసుదీపములలో మండినదియు ఆ వాయువే. దాని కూర్పు ఇథిలీన్‌ను కొంత పోలియుండుటచే కాయ మోసపోయి మాగుటకు పూనుకొనును. కాని ఇథిలీన్ చేయు పనిని చేయుటకు ఎసిటిలీన్ అనేక రెట్లు ఎక్కువగా కావలయును.

అసలు అపాయము వేఱొకచోట నున్నది. నేలలోని రాయి ఎన్నడును ఒంటరిగా నుండదు. సున్నపురాతితోను, బొగ్గుతోను భాస్వరము, పాషాణము స్వల్పముగా కలిసివచ్చును. లోహము అతుకువానికి ఆ కల్మషముతో పేచీ లేదు గనుక వాడుక కార్బైడును ఎవరును శుద్ధిచేయరు. తడి తగిలినప్పుడు ఎసిటిలీన్‌తో పాటు ఫాస్ఫీన్, ఆర్సీన్ అను విషవాయువులు కూడ బయలుదేరును. కార్బైడు వద్ద తోచు వెల్లుల్లి వంటి వాసన ఈ కల్మషముదే. పొట్లములు కట్టి బుట్టలలో దూర్చు కూలివాని చేతులు పొక్కును. ఆ గాలి పీల్చినవానికి తల తిరుగును. పండ్లకు ఆ పొడి అంటుకొన్నచో తిన్నవారికి గొంతుమంట, కడుపునొప్పి, వాంతులు కలుగవచ్చును. ఇంత జేసియు వచ్చునది మంచి పండైనను కాదు: పైన బంగారువన్నె, లోన చప్పన, టెంక చెంత పులుపు.

ఈ కారణములచే 2011 నాటి ఆహారభద్రతా నిబంధనలు కార్బైడుతో పండ్లను మాగబెట్టుటను మన దేశమున నిషేధించినవి. దానికి మాఱుగా ఇథిలీన్ వాయువును పది లక్షల పాళ్ల గాలిలో 100 పాళ్ల వఱకు వాడుటకు అనుమతి కలదు. దీనికై గాలి చొరని గదులు కట్టుదురు. ఆ గది వెచ్చదనము సుమారు 20 డిగ్రీలుండును; కాయ వడలకుండుటకై గాలిలో తేమను 90 శాతమునకు పైగా నిలుపుదురు. ఎంత వాయువు కావలయునో లెక్కవేసి చూడుడు. 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల ఎత్తు గల గదిలో 100 ఘనపు మీటర్ల గాలి, అనగా లక్ష లీటర్ల గాలి పట్టును. అందు 100 పాళ్లనగా 10 లీటర్ల ఇథిలీన్. ఒక బిందె పట్టునంత! ఇథిలీన్ మండు స్వభావము కలదే. కాని మంట అంటుకొనుటకు అది గాలిలో 27,000 పాళ్లయినను ఉండవలయును. ఒక దినము వాయువు నిచ్చి, నడుమ నడుమ తలుపు తెఱచి, కాయలు విడిచిన బొగ్గుపులుసు వాయువును వెలికి పంపుదురు. అది పేరుకొన్నచో మాగుట కుంటుపడును. ఆ తరువాత పని కాయదే. తన ఇథిలీన్‌ను తానే పుట్టించుకొని కొలది దినములలో పండును.

గది కట్టుటకు పెద్ద మొత్తము కావలయును. కార్బైడు పొట్లము కొన్ని రూపాయలకే దొరకును. చట్టమున్నను ఆ పొట్లములు ఇంకను బుట్టలలో కనబడుటకు ఇదియే ముఖ్యకారణమని నా అభిప్రాయము. చిన్న వర్తకులు కూడి వాడుకొనునట్లు విపణులలోనే గదులున్నచో కొంత మేలు.

ఐనను ఎంత మంచి గదియైనను ఒక పనిని చేయజాలదు. లేతకాయలో పిండి నిండలేదు. లేని పిండిని ఏ వాయువును చక్కెరగా మార్చలేదు. కావున కోయువాని కన్నే మొదటి పరీక్ష. ముచ్చికకు ఇరువైపుల భుజములు నిండుగా ఉబికినచో కాయ ముదిరినట్లు. నీటిలో వేసినచో ముదురుకాయ మునుగును, లేతకాయ తేలును. కాయలను గెడకు కట్టిన చిక్కముతో, కొంత తొడిమ ఉండునట్లు కోయవలయును. తొడిమ మొదలంట విఱిగినచో సొన చిమ్మి తోలును కాల్చి నల్లని చారలు వేయును; ఆ చారలనుండియే కుళ్లు మొదలగును. తరువాత తలక్రిందులుగా పేర్చి సొన నంతయు కార్చివేయుదురు. చల్లని గిడ్డంగిలో చాలకాలము దాచుదమన్నను మామిడి ఒప్పుకొనదు. సుమారు 13 డిగ్రీలకు దిగువ చలి తగిలినచో తోలు నల్లబడును. పిమ్మట సరిగా పండదు.

మైసూరులో 1950లో నెలకొల్పబడిన కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనాలయము పండ్లను నిలువచేయు పద్ధతులపై కృషి చేయుచున్నది. నూజివీడులో మామిడి పరిశోధన స్థానము కలదు. అది హనుమాన్ జంక్షన్‌కు తూర్పుగా, తాడేపల్లిగూడెము చెంతనున్న వెంకటరామన్నగూడెములోని ఉద్యాన విశ్వవిద్యాలయమునకు చెందినది.

తోలు దళముగను, కండ గట్టిగను ఉండుటచే బంగినపల్లి ఈ గదులకును, లారీలకును తగిన పండైనది. రసములు అట్లు కావు. తోలు పలుచన, లోన నీరు మెండు; పండిన రెండు మూడు దినములలో తినవలసినదే. వానిని దూరము పంపుటకు తెలుగువారు ఏనాడో వేఱొక ఉపాయము కనిపెట్టిరి. రసమును పిండి, తీపి కలిపి, చాపలపై పలుచగా పూసి ఎండబెట్టుదురు. ఒక పొర ఆఱిన పిదప దానిపై మఱియొక పొర పూయుదురు. ఇట్లు దినముల తరబడి పూసిన పొరలే మామిడితాండ్ర. కోనసీమలోని ఆత్రేయపురము దీనికి పేరుపొందినది. కుళ్లు పుట్టించు సూక్ష్మజీవులకు నీరు కావలయును. ఎండ ఆ నీటిని లాగివేయును, మిగిలిన చక్కెర వానిని ఎదుగనీయదు. తాండ్రచుట్ట నెలల తరబడి చెడకుండును. ఎంత దూరపు లారీలోనైనను నలుగదు.