పందులకు ఏ తుపాకీ కొనాలి అని అడిగేవాళ్లకు నా జవాబు



మక్క కంకి పాలు పట్టే టైమ్ వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. జీవామృతం గురించి కాదు. "తమ్మీ, పందులు పంట చేతికి రానిస్తలేవు. దుప్పులు కూడా దిగుతున్నాయి. తక్కువ ధరలో గురి తప్పని తుపాకీ ఏదైనా ఉందా?" అని. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే బదులు వీడియో తీశాను. వీడియోలో తొందరలో వదిలేసిన లెక్కలు, చట్టం సంగతులు ఇక్కడ రాస్తున్నా. ముందే చెప్తున్నా, నేను తుపాకులూ అమ్మను, ఫెన్సింగ్ మిషన్లూ అమ్మను.

ముందు తుపాకీ సంగతే మాట్లాడుకుందాం

1959 ఆయుధాల చట్టంలో పంట రక్షణ అనే కారణం ఉన్నమాట నిజమే. నిజంగా పంట కాపాడుకోవడానికే అయితే, మందు కూరి పేల్చే తుపాకీకి లైసెన్స్ అడగొచ్చు. రక్షణ కోసం స్మూత్ బోర్ తుపాకీ, అంటే మనోళ్లు పన్నెండు బోర్ అనేది కూడా అడగొచ్చు. దాని గొట్టం 20 అంగుళాలకు తగ్గకూడదు. పోలీసు విచారణ జరుగుతుంది. లైసెన్స్ వస్తే ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. ఎన్నికలొస్తే స్టేషన్‌లో డిపాజిట్ చేయమంటారు. పందులు మాత్రం ఎన్నికల కోడ్ చూసుకుని రావు.

ఇక గురి. మందు కూరే తుపాకీ ఒక్కసారే పేలుతుంది, మళ్లీ కూరేలోపు మంద చెట్లల్లో ఉంటుంది. పన్నెండు బోర్‌ను 40, 50 మీటర్ల లోపలే నమ్మగలం. 315 బోర్ రైఫిల్ గురి బాగుంటుంది. కానీ దాని తూటా రెండు కిలోమీటర్లు దాటి కూడా పోగలదు. మన చేలల్లో రాత్రిపూట మోటారు వేయడానికి వచ్చేవాళ్లుంటారు, మంచె మీద పడుకునేవాళ్లుంటారు, గొర్ల మంద పెట్టుకున్నవాళ్లుంటారు. చీకట్లో కదిలింది పందో మనిషో ఎంత ఖరీదైన రైఫిల్ కూడా చెప్పదు. ఎయిర్ గన్ అయితే పందికి గాయం చేసి వదిలేస్తుంది. గాయపడ్డ పంది మీదికి వస్తే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు.

అన్నిటికంటే పెద్ద మెలిక ఇంకొకటి ఉంది. తుపాకీకి లైసెన్స్ ఉంటే వేటకు అనుమతి ఉన్నట్టు కాదు. రెండూ వేరు. 1972 వన్యప్రాణి చట్టం 9వ సెక్షన్ వేటను నిషేధించింది. అడవి పంది ఇప్పుడు రెండో షెడ్యూల్‌లో ఉంది. పంటకు ప్రమాదమని తేలితే 11వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆ అధికారం ఇచ్చిన ఆఫీసర్ గానీ రాతపూర్వకంగా అనుమతివ్వాలి. అట్లా చంపినా ఆ పంది ప్రభుత్వ ఆస్తే, కూర వండుకోవడానికి లేదు. మా పాలమూరు వైపు కంది, పత్తి చేలల్లో మందలుగా తిరిగే కృష్ణజింక మొదటి షెడ్యూల్ జంతువు. పంట తిన్నదనే కారణంతో దాన్ని చంపే అనుమతే లేదు. చంపితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు.

సరే, అనుమతి వచ్చి రెండు పందుల్ని కొట్టారనుకుందాం. ఆడపంది ఒక ఈతకు నాలుగైదు పిల్లల్ని పెడుతుంది. మందలో మిగిలినవి ఆ రాత్రికి పక్క చేనులోకి పోతాయి, నాలుగు రోజులకు మళ్లీ మీ చేనుకే వస్తాయి. తుపాకీకి పెట్టే డబ్బుతో పంది చావొచ్చు, పంట మిగులుతుందని మాత్రం చెప్పలేం.

నేను చేయబోయిన తప్పు

మూడేళ్ల కింద ఒక్క రాత్రిలో నా మక్క అర ఎకరం పడుకుంది. తెల్లారి చూసి ఒళ్లు మండిపోయింది. సాయంత్రం బైండింగ్ వైరు చుట్ట తెచ్చి, మోటారు స్టార్టర్ దగ్గర నుంచి కరెంట్ లాగుదామని కూర్చున్నా. మా నాయిన వచ్చి చూశాడు. తిట్టలేదు. "రేపు పొద్దున ఆ గట్టు మీద ముందు నడిచేది నేనే కదరా" అన్నాడు, అంతే. వైరు పక్కన పడేశాను.

ఆ మరుసటి ఏడాది పక్క ఊళ్లో అట్లాంటి తీగకే ఒక మనిషి పోయాడు. తప్పిపోయిన బర్రెను వెతుక్కుంటూ వచ్చిన మనిషి. తీగ పెట్టిన రైతు జైలుకు పోయాడు. రెండు ఇండ్లు ఆగమైనాయి. 230 వోల్ట్ల కరెంట్ ఆగకుండా పారుతుంది, పట్టుకున్న కండరం బిగుసుకుపోయి చెయ్యి వదలదు. దయచేసి ఆ పని చేయకండి. పండ్లల్లో నాటు బాంబులు పెట్టడం కూడా అంతే, మేతకు వచ్చిన ఆవు దవడ పోతుంది.

పంది ముక్కుతో చూస్తుంది

పందికి చూపు తక్కువ, వాసన పసిగట్టే శక్తి చాలా ఎక్కువ. ముక్కును నేలకు ఆనించి నడుస్తుంది. మన ప్రకృతి సేద్యం చేలల్లో వానపాములు, పురుగుల గుడ్లు, మెత్తని నేల ఉంటాయి కాబట్టి దానికి మన చేను ఇంకా ఇష్టం. అందుకే మన ఉపాయం కూడా ముక్కు ఎత్తులోనే ఉండాలి.

గట్టు పంట: రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు చెప్పే పద్ధతి ఇది. మక్క చుట్టూ నాలుగు వరుసల ఆముదం, పల్లి చుట్టూ నాలుగు వరుసల కుసుమ. కుసుమ ముళ్లు గుచ్చుకుంటాయి, ఆముదం ఘాటు వాసనకు లోపలి పంట వాసన తెలియదు. గింజ కూడా చేతికొస్తుంది.

కోడిగుడ్ల ద్రావణం: కుళ్లిన గుడ్లు చితక్కొట్టి, వడగట్టి, లీటరు నీళ్లకు 20 మి.లీ. కలిపి చేను చుట్టూ అడుగు వెడల్పున నేల మీద కొడతాను. వాన పడితే మళ్లీ కొట్టాలి.

మంగలి షాపు వెంట్రుకలు, పాత చేపల వలలు, చీరలు కొన్ని రోజులు పనిచేస్తాయి. ఏదైనా ఒకటే పెట్టి ఊరుకుంటే పందికి అలవాటైపోతుంది. వారం పది రోజులకు మారుస్తూ ఉండాలి. ఫోరేట్ గుళికల పొట్లాలు కడితే సరిపోతుందని కొందరు ఇంకా చెప్తుంటారు. అది 2020 డిసెంబర్ 31తో ఆపేసిన విషం, మనకు వద్దు.

సోలార్ ఫెన్సింగ్: ఏం చూసి కొనాలి

వాసనలు ఆపలేనంత మంద ఉంటే ఇదే దారి. మనోళ్లు ఝట్కా మిషన్ అంటారు. దీని వోల్టేజ్ వేలల్లో ఉంటుంది కానీ, సెకనుకు దాదాపు ఒక్కసారే, అదీ సెకనులో వెయ్యో వంతు కంటే తక్కువ సేపు కొడుతుంది. మధ్యలో కరెంట్ ఉండదు కాబట్టి పంది గానీ మనిషి గానీ వెనక్కి తగ్గే వీలుంటుంది. ప్రాణం పోకుండా భయం పుట్టించడమే దీని పని.

కొనేటప్పుడు ఐఎస్ 302, భాగం 2, సెక్షన్ 76 ప్రమాణం ప్రకారం చేసిందేనా అడగండి. ఆన్ చేస్తే టక్, టక్ అని ఆగి ఆగి కొట్టాలి. ఆగకుండా గుయ్యిమనే మిషన్ ముట్టుకోవద్దు. తీగను నేరుగా ఇంటి కరెంట్‌కు ఎప్పుడూ కలపొద్దు.

పందికి మొదటి తీగ 8 అంగుళాల ఎత్తులో, రెండోది 18 అంగుళాల్లో, మూడోది మూడు అడుగుల్లో కట్టాలి. దుప్పి దూకుతుంది కాబట్టి ఆరు అడుగుల దాకా తీగలు కావాలి. ఎర్తింగ్ కడ్డీలు మూడు, తడి ఉండే చోట, దూరం దూరంగా దిగ్గొట్టాలి. చాలామంది "మిషన్ పనిచేస్తలేదు" అనేది ఎర్తింగ్ సరిగా లేకనే. రెండో కారణం గడ్డి. తీగకు గడ్డి తగిలితే కరెంట్ నేలలోకి పోతుంది. పది రోజులకోసారి కొడవలి పట్టాలి. దారి ఉన్న చోటల్లా పసుపు బోర్డు కట్టండి. విత్తనం వేసిన వారంలోనే ఆన్ చేయండి, కంకి రుచి చూసిన పందిని ఆపడం చాలా కష్టం.

ఖర్చు తగ్గే లెక్క

ఎకరం చేను నాలుగు పక్కలా సమానంగా ఉంటే చుట్టుకొలత దాదాపు 255 మీటర్లు. నాలుగు ఎకరాలు కలిపి కడితే 509 మీటర్లు, అంటే ఎకరానికి 127. పదహారు ఎకరాలు కలిపితే 1,018 మీటర్లు, ఎకరానికి 64 మాత్రమే. ఒక్కడు కట్టుకుంటే ఎకరానికి పడే కంచెలో పావు వంతే! మిషన్ ఒక్కటే, బ్యాటరీ ఒక్కటే. ఇంకో లాభం, మీ చేను నుంచి తరిమిన పంది పక్కోడి చేనులో పడదు. మేం ఐదుగురం కలిసి కట్టుకున్నాం. గడ్డి కోసే వంతు దగ్గర రెండుసార్లు గొడవ పడ్డాం, అయినా నిరుడు మక్క ఇంటికొచ్చింది.

నష్టం జరిగితే చేను సర్దకముందే ఫోటోలు తీసి, అటవీ శాఖకు, వ్యవసాయ అధికారికి రాసివ్వండి. పందుల బెడద మరీ ఎక్కువుంటే ఊరంతా సంతకాలు పెట్టి అటవీ శాఖనే అడగండి. 

తుపాకీ కోసం దాచిన డబ్బులు ఉంటే ముందు పక్క చేను అన్నతో కూర్చుని ఒక చాయ్ తాగండి. ఇద్దరి చేలూ కలిపి చుట్టూ టేపు పట్టి కొలవండి. కొలత తెలిశాక నాకు ఫోన్ చేయండి, మిగతా లెక్క కలిసి వేద్దాం.