రువాన్ నగరములో నొక దినము

ఫ్రెంచివారి యూరన్నచో మనలో ననేకులకు మొదట జ్ఞప్తికి వచ్చునది గౌతమీతీరమందలి యానామే. నాకును అంతియే. ఆ దేశపు నదీతీరనగర మొకదానిని కన్నులార చూతునని నేనెన్నడును తలంపలేదు. మా తమ్ముడు ఉద్యోగరీత్యా పారిస్ నగరమున నుండుటచే, వేసవి సెలవులలో మావారును నేనును అచ్చటికి పోవుట తటస్థించెను. అచ్చట చూడవలసినవి చూచిన పిమ్మట, "అక్కా, ఇంకేమి చూచెదవు?" అని వాడడుగగా, రువాన్ నగరమును చూపుమని కోరితిని. జోన్ ఆఫ్ ఆర్క్ కథను నా చిన్ననాట మా నాయనగారు చెప్పియుండిరి. ఆ పిల్లను దహించిన యూరది.

సేంట్ లజార్ స్టేషనులో రైలెక్కిన సుమారు గంటన్నరకు రువాన్ చేరితిమి. సేన్ నది వంకరలు తిరుగుచు ప్రవహించును గనుక రైలు దానిని పలుమార్లు దాటును. దాటినప్పుడెల్ల నేను కిటికీకి ముఖమానించి చూచుచుంటిని. మన గోదావరివలె విశాలమైనది కాదు గాని, నిండుగా, నిదానముగా పారు నది.

స్టేషనునకు సమీపముననే గుండ్రని రాతిబురుజొకటి కలదు. దానిని జోన్ బురుజందురు. నిజమునకు ఆమెను బంధించియుంచినది ఇందులో గాదు. ఆ బురుజు ఏనాడో కూలిపోయినది. ఫిలిప్ ఆగస్టస్ రాజు 1204లో ఈ నగరమును గెలిచి కట్టించిన కోటలో నేడు నిలిచియున్న పెద్దబురుజు ఇదియే. 1431 మే 9వ తేదీన జోన్‌ను ఇచ్చటికి తెచ్చి, చిత్రహింస పెట్టు పనిముట్లను చూపి బెదరించిరి. ఆమె జంకలేదు. అవయవములు తునిగినను వేరుమాట పలుకననియు, ఒకవేళ బాధకోర్వలేక పలికినను, అది మీరు బలవంతముగా పలికించినదేయని పిమ్మట చెప్పుదుననియు సమాధానమిచ్చెను. ఆ మాట పలికిననాటికి ఆమెకు పందొమ్మిదేండ్లు. ఆ బురుజు లోపల చల్లదనమునకు నేను పమిట నిండుగ కప్పుకొంటిని.

కథ తెలియని సోదరీమణులకు సంగ్రహముగా చెప్పెదను. జోన్ దొంరెమి యను పల్లెలోని కాపు పిల్ల. ఆంగ్లేయులు ఫ్రాన్సు దేశములో సగభాగము నాక్రమించియున్న కాలమున, దేవుడు తనకు ఆనతిచ్చెనని నమ్మి, పురుషవేషమున గుఱ్ఱమెక్కి సేనతో నడచెను. 1429 మే నెలలో ఓర్లియాన్ నగరపు ముట్టడి తొలగెను. జూలైలో రీమ్స్ నగరమున ఏడవ చార్లెస్ రాజునకు పట్టాభిషేకము జరిగెను. మరుసటి యేడు ఆమె శత్రువులకు చిక్కెను. పదివేల లీవ్రల నాణెములకు ఆంగ్లేయులకు అమ్ముడుపోయెను. ఆ రాజు ఆమెను విడిపించుటకు చెప్పుకొనదగిన యత్నము చేసినట్లు కానరాదు.

రువాన్ నాడు ఆంగ్లేయుల చేతిలో నుండెను. పియేర్ కోషాన్ అను బిషప్పు పెద్దగా, పండితులైన మతాధికారు లెందరో కూర్చుండి విచారించిరి. ఎదుట నిలిచినది చదువను వ్రాయను నేర్వని పిల్ల. ఆమె పక్షమున మాటలాడుటకు న్యాయవాది లేడు. ఏమైన పని నేర్చితివా యని యడుగగా, నూలు వడుకుటలోను కుట్టుపనిలోను రువాన్ నగరపు స్త్రీలలో నెవ్వరికిని తీసిపోనని బదులు చెప్పెను. ఆ మాట నాటి విచారణ పత్రములలో నేటికిని ఉన్నది. గ్రంథములలో ఆమె కత్తిని, కవచమును గూర్చి చదివినపుడు నాకు ఆశ్చర్యమే కలిగెను గాని, ఈ మాట విన్నతరువాత ఆమె మన యిండ్లలోని పిల్లయే యని తోచెను. ఈ నేర్పు తల్లివద్ద నేర్చినదని కూడ ఆమెయే చెప్పినది.

ఆమెపై మోపిన నేరములలో పురుషవేషధారణ మొకటి. రేయింబవళ్లు మగ సైనికుల కావలిలో నుంచబడిన ఆడుపిల్లకు, ముళ్లు వేసి బిగించుకొను ఆ దుస్తులే కొంత రక్షణ. ఈ సంగతి ఆ పండితులకు తెలియక కాదు. మే 24వ తేదీన చితిని చూపి భయపెట్టగా ఆమె ఒక పత్రముమీద గుర్తుపెట్టి స్త్రీవేషము ధరించెను. నాలుగు దినములలో మరల మగదుస్తులలో కనబడెను. అదియే చాలునని మే 30వ తేదీన పాత అంగడి మైదానములో ఆమెను సజీవముగా కాల్చిరి.

మేమా మైదానమును చేరునప్పటికి పదునొకండు గంటలైనది. విషాదమును ఊహించి పోయిన నాకు ముందుగా కనబడినవి కూరగాయలు, జున్నుగడ్డలు, చేపలు! ఆనాడును అది అంగడియే, నేడును అంగడియే. ప్రక్కనే 1979లో కట్టిన జోన్ దేవాలయము. దాని పైకప్పు అగ్నిజ్వాలలను తలపించునట్లు వంపులు తిరిగియున్నది. బయటినుండి నాకంతగా నచ్చలేదు. లోనికి పోగానే నా మాట మార్చుకొంటిని. ఒక గోడ నిండ పదునారవ శతాబ్దపు రంగుటద్దములు! అవి వేరొక పురాతన దేవాలయములోనివి. రెండవ ప్రపంచయుద్ధ కాలమున వానిని ముందుగా విప్పి దాచిరి. 1944లో బాంబులు పడి ఆ దేవాలయము నాశనమైనది. అద్దములు మాత్రము బ్రతికినవి. వానికొరకే ఈ గోడను కట్టిరన్నను తప్పులేదు.

దేవాలయమునకు వెలుపల చితి పేర్చిన తావున చిన్న పూదోట పెంచియున్నారు. ఎత్తైన సిలువయొకటి నిలిపిరి. అగ్ని సీతమ్మను చల్లగా కాచెనని చదివికొన్న మనకు అచ్చట నిలుచుట కష్టము. చాలసేపు నేనేమియు మాటలాడలేదు. ఒక ముసలమ్మ కూరల సంచితో మా ప్రక్కనుండి నడచిపోయెను.

అచ్చటనుండి పెద్ద గడియారపు వీధి. ఇరుప్రక్కల కొయ్యదూలములు బయటికి కనబడు పాతకాలపు మేడలు. వీధికి అడ్డముగా కట్టిన వంపుమీద బంగారుపూతతో మెఱయు గడియార మున్నది. దాని యంత్రము 1389వ సంవత్సరము నాటిది. ముల్లు ఒక్కటియే! గంటలు తప్ప నిమిషములు చూపదు. మావారు తమ చేతిగడియారము తీసి సరిపోల్చుకొనిరి. బడికి వేళమించు నలవాటు లేనివారు గదా.

వీధి చివర మహాదేవాలయము. 151 మీటర్ల ఎత్తుగల దాని శిఖరము 1876 మొదలు 1880 వరకు లోకములోని కట్టడము లన్నిటికంటె ఎత్తైనది. 2024 జూలైలో మరమ్మతులు జరుగుచుండగా ఆ శిఖరమున నిప్పంటుకొన్నను పెద్దయపాయము తప్పినది. చిత్రకారుడు మోనే ఈ దేవాలయ ముఖమునే వేర్వేరు వేళల వెలుగులలో ముప్పదికి పైగా పటములుగా వ్రాసెను. నాకు మాత్రము కుడివైపు గోపురముమీదనే దృష్టి నిలిచినది. దానిని వెన్న గోపురమందురు. ఈస్టరు పండుగకు ముందు నలువది దినముల వ్రతకాలమున ఆ రోజులలో వెన్న నిషిద్ధమై యుండెను. ఈ ప్రాంతమువారికి వెన్న లేనిదే ముద్ద దిగదు. కావున రుసుము చెల్లించినవారు వెన్న తినవచ్చునని అనుమతి యిచ్చి, ఆ ధనముతో గోపురము కట్టిరని చెప్పుదురు. మన యిండ్లలో ఉపవాసము నాటి ఫలాహారముల సంగతి తలచుకొని నవ్వుకొంటిని. మధ్యాహ్నము మేము తిన్న ఆపిలుపండ్ల రొట్టెలో ఎంత వెన్న యున్నదో చెప్పజాలను.

మహాదేవాలయమునకు ఆనుకొనియే ఆర్చిబిషప్పుగారి భవన మున్నది. 2015 నుండి ఇందులో జోన్ చరిత్రను తెలుపు ప్రదర్శనశాల నడుచుచున్నది. ఈ యూరికి వచ్చి ఈ భవనమును చూడక పోవువారు సగము కథయే చూచినట్లు. ఏలయన జోన్ కథ చితితో ముగియలేదు. ఆమెకు తల్లి యుండెను.

ఆ తల్లి పేరు ఇసబెల్ రోమే. భర్త పోయిన పిమ్మట ఓర్లియాన్ పురజను లిచ్చు భృతితో జీవించుచుండెను. 1455 నవంబరు 7వ తేదీన ఆ వృద్ధురాలు పారిస్ నోటర్‌డామ్ దేవాలయమునకు పోయి, పోపుగారి ప్రతినిధుల యెదుట నిలిచి, తన బిడ్డకు జరిగిన యన్యాయమును విచారింపుడని వేడుకొనెను. బిడ్డ బూడిదయై అప్పటికి ఇరువదినాలుగేండ్లు! పిమ్మట సుమారు నూటపదునైదుగురు సాక్ష్యమిచ్చిరి. జోన్‌తో ఆడుకొన్న పల్లెటూరి స్త్రీలు, ఆమెతో యుద్ధము చేసిన సైనికులు, తొలి విచారణలో పాల్గొన్నవారు సైతము వారిలో నుండిరి. 1456 జూలై 7వ తేదీన ఈ భవనపు పెద్దసావడిలోనే తొలితీర్పు చెల్లదని ప్రకటించిరి. చితి పేర్చినచోట సిలువ నాటవలెనని ఆజ్ఞాపించిరి.

రాజునకును ఇందు స్వార్థము లేకపోలేదు. మతభ్రష్టురాలి వలన కిరీటము వచ్చినదను నింద ఆయనకు తొలగవలెను గదా. కోషాన్ బిషప్పు 1442లోనే మరణించెను. ఎవ్వరికిని శిక్ష పడలేదు. 1458లో ఇసబెల్ కన్నుమూసెను. 1920లో జోన్ మహాభక్తురాలని పోపుగారు ప్రకటించిరి. ఆ మహోత్సవములకంటె, దేవాలయములో నిలిచిన ఆ ముసలితల్లియే నా కన్నులలో మెదలినది. ఆ సావడిలో మా తమ్ముడు "అక్కా, కాలాతీతమగుచున్నది" అని రెండుమార్లు పిలువవలసి వచ్చెను.

సాయంకాలము నదివద్దకు పోయితిమి. జోన్ ఎముకలను, బూడిదను ఎవ్వరును పూజార్థము దాచుకొనకుండ ఈ నీటిలోనే పారవైచిరి. నేడొక వంతెనకు ఆమె పేరు పెట్టియున్నారు. దానిమీద బండ్లు పోవుచుండెను. నేను మెట్లు దిగి, మన యలవాటు చొప్పున నీటిని తాకి తలపై చల్లుకొంటిని. ప్రక్కన కూర్చున్న చిన్నపిల్లలిద్దరు నన్ను వింతగా చూచి, తామును ఆ నీటిని తలపై చల్లుకొనిరి.