పెరటి దానిమ్మకు కొత్త కాపురము

పెద్ద చెట్టును చిన్న తొట్టిలో పెంచే విద్యను గురించి మన పత్రిక పాఠకులకు నాలుగు మాటలు చెప్పవలెనని చాలా రోజులుగా అనుకొంటున్నాము. మన బెంగుళూరులో పాత యిల్లు పడగొట్టి అంతస్తులు లేపని వీధి లేదు. ఇల్లు పడగొట్టేటప్పుడు తలుపులకు, దూలాలకు, పాత యినుముకు బేరము కుదురుతుంది. పెరటి చెట్టుకు మాత్రము గొడ్డలే గతి. ఆ చెట్లలో కొన్నింటిని బ్రతికించుకొనవచ్చునని మాకు అనుభవము మీద తెలిసినది. ఒక చెట్టును చేజేతులా చంపుకొన్న తరువాతనే తెలిసినది. ఆ సంగతి కూడ దాచము.

ఈ విద్యను జపానువారు బోన్సాయ్ అంటారు. 'బోన్' అనగా లోతు లేని తొట్టి, 'సాయ్' అనగా నాటడము. మొదట చైనాలో పుట్టి జపానుకు పోయిన విద్య యిది. మనవారు వామన వృక్షము అంటారు. లాల్‌బాగులో ఆ చెట్లను చూచినప్పుడు ఇదేదో వేరే జాతి కాబోలునని మేమూ అనుకొనేవారము. వేరే జాతి ఏమీ కాదు. అదే మర్రి, అదే రావి, అదే చింత. వేళ్ళను, కొమ్మలను సమయానికి కత్తిరిస్తూ పొట్టిగా నిలుపుతారు, అంతే. అయితే విత్తనము నుండి మొదలుపెడితే మాను లావెక్కడానికి ఏండ్లు పూండ్లు పడుతుంది. అందుచేత జపానులో పూర్వము కొండలలో గాలికి, మంచుకు గిడసబారిన చెట్లను త్రవ్వి తెచ్చుకొనేవారు. దానికి యమదోరి అని పేరు. మనము అడవికి పోయి చెట్లు పెరుక్కొని రాకూడదు, అది నేరము కూడ. ఎవరికీ అక్కరలేని పెరటి చెట్టు ఐతే లావైన మానుతో, ముడతలు పడిన బెరడుతో సిద్ధముగా వుంటుంది.

మా మొదటి చెట్టు మేడ పిట్టగోడ పగులులో మొలిచిన రావి. గోడ తడిపి, మెల్లగా లాగి, ఉన్న రెండు వేళ్ళతోనే కుండీలో పెట్టినాము. రావి, మర్రి, జువ్వి జాతులు మొండివి. కాస్త వేరుంటే చాలు, వెచ్చని రోజులలో బ్రతుకుతాయి. అది బ్రతికేసరికి మాకు గర్వము వచ్చినది.

2018లో ప్రక్క యింటివారు జామచెట్టు కొట్టివేస్తామంటే మేము అడిగి తెచ్చుకొన్నాము. ఏప్రిలు ఎండలో, ఒక్క పూటలో త్రవ్వినాము. మట్టి అంతా రాలిపోయినది. మూడు వారాలకు మాను నిండా ఎర్రని చిగుళ్ళు వచ్చినవి. మా సంతోషము చెప్పనలవి కాదు. వెంటనే ఎండలోకి మార్చి, పిండి ఎరువు వేసినాము. పది రోజులలో చిగుళ్ళన్నీ వ్రేలాడబడినవి. చెట్టును పెరికి చూస్తే క్రింద ఒక్క తెల్లవేరు కూడ లేదు! ఆ చిగుళ్ళు మానులో దాగిన పాత బలముతో వచ్చినవి. చేతిలో రొక్కము పెట్టుకొని, రాబడి లేక కొన్నాళ్ళు వెళ్ళబుచ్చే సంసారము వంటిది అది. చిగురు కనబడగానే చెట్టు బ్రతికిందనుకోవడమే మా తప్పు. ఈ విద్యలో కొత్తవారు చేసే తప్పులలో ఇది మొదటిది.

ఇక మా యింటి దానిమ్మ. అనంతపురము ప్రాంతము నుండి వచ్చిన మా అవ్వ బావి ప్రక్కన నాటినది. ప్రక్కన మేడలు లేచి ఎండ తగలక పదేండ్లుగా కాపు సరిగా లేదు. కాచిన ఒకటి రెండూ పగిలి ఉడతల పాలు. 2022 జనవరిలో మేమూ, మా తమ్ముడూ కలిసి యిల్లు పడగొట్టి కట్టించడానికి ఒప్పందము చేసుకొన్నాము. కాగితాలు చదివి వినిపించినప్పుడు అమ్మ యింటి సంగతి ఏమీ అడుగలేదు. "దానిమ్మ చెట్టును ఏం చేస్తారురా?" అన్నది. "మీ అందరి కడుపునొప్పులకూ ఆ తొక్కే అరగదీసి పోసినాను," అన్నది. మాకు జామచెట్టు జ్ఞాపకము వచ్చి జవాబు చెప్పలేకపోయినాము.

ఈసారి తొందరపడలేదు. ఇల్లు పడగొట్టడానికి జూను దాక గడువున్నది. ఫిబ్రవరిలో దానిమ్మ చిగురించక ముందే, మానుకు అడుగు దూరములో సగము చుట్టూ గాడి త్రవ్వి, అడ్డము వచ్చిన వేళ్ళను పదునైన రంపముతో కోసి, ఆ గాడిని ఇసుకతో, చివికిన ఆకు ఎరువుతో నింపినాము. కోసిన వేరు చివరనే సన్నని కొత్త వేళ్ళు పుడతాయి. ఏప్రిలులో రెండవ సగము అట్లే చేసినాము. ఏడాది ముందుగా మొదలుపెడితే ఇంకా మంచిది. మాకు నాలుగు నెలలే దొరికినవి. కొమ్మలను తగ్గించి, మొదట మొలిచిన మూడు మానులలో లావైనది ఒక్కటే వుంచి, దానిని అడుగున్నర ఎత్తున కోసినాము. పెద్ద గాయాలకు బోర్డో ముద్ద పూసినాము. నూరు గ్రాముల మైలుతుత్తము, నూరు గ్రాముల సున్నము విడివిడిగా నీటిలో కలిపి, రెండూ చేర్చి మొత్తము లీటరు చేయవలెను. ఇనుప గిన్నెలో కలుపరాదు.

జూనులో తొలకరి పడగానే అడుగున దిగిన తల్లివేరు కోసి, మట్టిగడ్డ విరగకుండ తడి గోనెపట్టాతో చుట్టి, నలుగురము పట్టి లేపినాము. మొదటే లోతు లేని తొట్టిలో పెట్టకూడదు. వడ్రంగి చేత రెండడుగుల చెక్క పెట్టె చేయించి, అడుగున రంధ్రాలు పెట్టించి, జల్లించిన ఇటుక నలుసులు రెండు పాళ్ళు, ముతక ఇసుక ఒక పాలు, పాత పశువుల ఎరువు ఒక పాలు కలిపి నింపినాము. మాను కదలకుండ పెట్టెకు త్రాళ్ళతో కట్టినాము. చెట్టు ఊగితే కొత్త వేళ్ళు తెగిపోతాయి. అద్దె యింటి వసారాలో నీడపట్టున వుంచినాము. చిగుళ్ళు వచ్చినా ఈసారి మురిసిపోలేదు. ఏడాది దాక కొమ్మ వంచలేదు, తీగె చుట్టలేదు. పెట్టె రంధ్రాలలో తెల్లవేళ్ళు కనబడిన తరువాతనే ఎరువు.

అమ్మకు మాత్రము మనసు ఒప్పలేదు. "కాళ్ళు చేతులు నరికి పెట్టెలో కూర్చోబెడితిరి. దీనికి ఆయుష్షు ఎక్కడిది?" అనేది. ఆ మాట తీసివేయదగినది కాదు. సరిగా చూడకపోతే అది నిజముగా హింసే. అయితే రెండు మూడేండ్లకు ఒకసారి వేళ్ళు కత్తిరించి మట్టి మార్చుతూ వుంటే తొట్టి చెట్టు నేల చెట్టుకు తీసిపోకుండ బ్రతుకుతుంది. అమెరికాలో వాషింగ్టను నగరపు జాతీయ వృక్షవనములో 1625 నుండి పెంచబడుతున్న పైన్ జాతి చెట్టు ఒకటి వున్నది. 1945 ఆగస్టు 6న అది హిరోషిమాలో యమాకి కుటుంబము యింట, గోడ చాటున వుండి బాంబును తప్పించుకొన్నది. 1976లో ఆ కుటుంబమే దానిని అమెరికాకు కానుకగా యిచ్చినది. ఈ కథ చెప్పితే అమ్మ, "వాళ్ళు తరతరాలుగా నీళ్ళు పోసినారు. మీరు పోస్తారా?" అని అడిగినది.

2024లో కొత్త యింటికి వచ్చినాము. మూడవ అంతస్తు, తూర్పు ఎండ. 2025 ఫిబ్రవరిలో దానిమ్మను లోతు లేని తొట్టిలోకి మార్చినాము. తొట్టిలో ఆకు చిన్నదవుతుంది గాని పువ్వు, పండు చిన్నవి కావు. రెండడుగుల చెట్టుకు మామూలు దానిమ్మ పండు! బరువుకు కొమ్మ విరుగునని ఒక్క పిందెనే వుంచి ఊత కట్టినాము. పండినప్పుడు అమ్మ దానిని వొలిచి, గింజలు రెండు గిన్నెలలో పోసి, ఒక గిన్నె తమ్ముని పిల్లలకు పంపినది. తొక్క ఎండబెట్టి సీసాలో దాచినది. ఇప్పుడు ప్రొద్దున నీళ్ళు పోసేది ఆమెయే, మమ్మల్ని ముట్టనివ్వదు.

పాత యిల్లు పడగొట్టబోయే సభ్యులకు మా మనవి ఒక్కటే. ఒప్పందము మీద సంతకము చేసిన రోజుననే పెరటిలోకి పోయి చెట్లను చూడండి. కర్ణాటకలో 1976 నాటి వృక్ష సంరక్షణ చట్టమున్నది. కొన్ని జాతులకు తప్ప, సొంత పెరటి చెట్టుకైనా వృక్షాధికారి అనుమతి కావలెను. దానిమ్మ, జామ, చింత, కాగితపు పూల చెట్టు, రావి, మర్రి యివన్నీ ఈ పనికి వస్తాయి. కొబ్బరి, అరటి రావు. చెట్టు మరీ పెద్దదైతే ఆశపడక, కొమ్మ అంటు కట్టి పిల్లను తీసుకొనండి. గొడ్డలివాడు వాకిట నిలిచిన నాడు ఎవరూ ఏమీ చేయలేరు. నాలుగు నెలల ముందు ఐతే ఒక గడ్డపార, ఒక రంపము, కాస్త ఓపిక చాలును.